పనస చెక్క, పాత గ్రిల్లు, రెండు పక్క బల్లలు

“గ్రిల్లుకు బల్లలు కావాలి, ఒకసారి వచ్చి చూసి వెళ్ళు నాయనా” అని బాబాయిగారు ఫోను చేస్తే నాకు ముందు కిటికీ గుర్తొచ్చింది. మన వైపు గ్రిల్లంటే ఇనుప ఊచలే. దానికి బల్లలేమిటి, అయినా అది వెల్డింగు వాళ్ళ పని కదా అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, “ఇది చేపలు కాల్చే గ్రిల్లు” అన్నారు.

ఆయన సరుకు ఓడల్లో ఇంజినీరుగా చేసి విరమించిన మనిషి. శ్రీకాకుళం జిల్లా బారువ సముద్రతీరానికి కిలోమీటరు లోపే ఇల్లు. ఆ ఇంటి తలుపులు, కిటికీలు మా నాన్న చేసినవి. ఆ వరసలోనే నాకు ఆయన బాబాయిగారు. మా పనిశాల సోంపేటలో. 2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం కొలతల టేపు, చిన్న ఉలి జేబులో వేసుకుని వెళ్ళాను.

ఇంటి వెనక కొబ్బరి చెట్ల దగ్గర, నాలుగు కాళ్ళ ఇనుప బండి మీద మూత ఉన్న పెట్టె. లోపల మూడు బర్నర్లు, వాటి మీద పోత ఇనుప జాలీలు. విదేశం నుంచి ఇంటి సామానుతో వచ్చి ఇరవై ఏళ్ళు దాటిందట. పెట్టె పోత అల్యూమినియం కాబట్టి ఉప్పుగాలికి తట్టుకుంది. అటూ ఇటూ ఉండాల్సిన చెక్క బల్లల్లో ఎడమది ఆనవాలు లేకుండా పోయింది. కుడిదానికి మూడు పలకలు మిగిలాయి. బొటనవేలితో నొక్కితే టీలో ముంచిన బిస్కట్టులా వేలు దిగబడింది.

పాతది ఎందుకు పోయింది

కొత్తది గీయడానికి ముందు పాతదాన్ని విప్పి చూడటం నా అలవాటు. ఏది చెడిందో అదే చెబుతుంది. ఆ మూడు పలకలకూ నిప్పువైపు కొసలే బాగా పాడై ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే ఆ కొసలు నల్లబడి, సన్నటి నెర్రెలు విచ్చాయి తప్ప గట్టిగానే ఉన్నాయి. పుచ్చిందంతా మరోచోట: పలక కింద ఇనుప యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) ఆనిన చోట, స్క్రూ మరల చుట్టూ.

ఒక మరను విప్పబోతే తల అరిగిపోయి తిరగలేదు. హ్యాక్సా బ్లేడు విరిచి, గుడ్డ చుట్టి పట్టుకుని పలకకూ ఇనుముకూ మధ్య దూర్చి కోశాను. పలక ఊడి వచ్చాక చూస్తే మర చుట్టూ అర్ధరూపాయి బిళ్ళంత నల్లటి వలయం. ఉలి మొనతో గీరితే బొగ్గుపొడిలా రాలింది. మర సగం సన్నబడి తుప్పు మేకులా మిగిలింది. పైనుంచి దిగిన మర తల దగ్గర వాననీరు నిలుస్తుంది, రంధ్రం వెంట కిందికి జారుతుంది, అక్కడ చెక్క ఇనుముకు అతుక్కుని ఉంది కాబట్టి ఆరే దారి లేదు. తడి, ఇనుము, చెక్కలోని వగరు మూడూ ఒకచోట చేరితే నల్లమరక పుడుతుంది. ఆ తరువాత మర తుప్పు పట్టి ఉబ్బుతుంది, చెక్క పగులుతుంది, పగులులోకి ఇంకాస్త నీరు.

నిప్పు పక్కన ఇరవై ఏళ్ళు నిలబడిన బల్లను నీళ్ళు తినేశాయన్నమాట. ఈ పని మొత్తం నేను చేసిన తీరుకు ఆ ఒక్క మర చుట్టూ ఉన్న నల్లవలయమే కారణం.

చెక్క ఎక్కడిది

టేకు కొందామని నా ఆలోచన. బాబాయిగారు ఒప్పుకోలేదు. “మా అమ్మ పెరటి చెట్టు ఉంది కదా” అన్నారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఎలా పడిపోయాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. కవిటి దగ్గర వాళ్ళ అమ్మగారి పెరట్లో పెద్ద పనస చెట్టు వేళ్ళతో సహా ఒరిగింది. దాన్ని కోత మిల్లులో ఒకటింపావు అంగుళం పలకలుగా కోయించి, పశువుల కొట్టం అటక మీద పడేశారు. ఏడు పలకలు, ఐదేళ్ళ పైచిలుకు ఎండు.

పనస మీద చాలామందికి చిన్నచూపు. నాకు లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేది పనస దుంగతోనే. దాని చేవ, అంటే మాను నడిమి గట్టి భాగం, చెదపురుగుకు అంత తేలిగ్గా లొంగదు, చిత్రికకు మెత్తగా వస్తుంది, కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి వెలుతురు తగిలేకొద్దీ తేనె రంగుకు, తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. కాకపోతే చేవకూ, బెరడు కింది తెల్లభాగానికీ పోలిక లేదు. తెలుపు పురుగుకు పండగ. అటక మీద ఒక పలక అంచున సూదిమొనంత రంధ్రాలు, తడితే మెత్తటి పిండి రాలుతోంది. ఆ పలకను అక్కడే వదిలేశాను. పలకల మధ్య సన్నటి చెక్క బద్దలు పెట్టకుండా పేర్చడం వల్ల మరో రెండు వంకర తిరిగాయి. మిగిలిన నాలుగింటినుంచి తెల్లభాగం పూర్తిగా కోసేశాను. ఒక పలకలో పాత మేకు మిగిలి ఉండి నా రంపం పళ్ళు రెండు పోయాయి. పెరటి చెట్టుకు బట్టల తీగ కట్టని ఇల్లు ఉండదు. ముందే అయస్కాంతంతో తడిమి చూడాల్సింది.

ఐదేళ్ళు ఎండింది కదా అని నమ్మేయలేదు. పలక మధ్యలోంచి చిన్న ముక్క కోసి తూచాను: 112 గ్రాములు. మా ఆవిడ కేకులు చేసే ఓవెన్‌లో నూరు డిగ్రీలకు కాస్త పైన పెట్టి, బరువు ఇక తగ్గదు అనేవరకు ఎండబెట్టి మళ్ళీ తూచాను: 99 గ్రాములు. పోయిన 13 గ్రాముల నీటిని ఎండిన బరువు 99తో భాగిస్తే సుమారు 13 శాతం తేమ. సముద్రం పక్కన నీడపట్టున ఉన్న చెక్కకు అంతకంటే తక్కువ ఆశించడం అత్యాశే. ఓవెన్‌లోంచి రెండు రోజులు పనసతొనల వాసన వచ్చిందని ఇంట్లో ఫిర్యాదు. నాకు మాత్రం చెక్క వాసనే వచ్చింది.

కొవ్వొత్తి ముక్కల కొలత

బల్ల పెట్టెకు ఎంత దూరంలో మొదలవ్వాలి? పాతది దాదాపు ఆనుకునే ఉండేది. నా దగ్గర వేడి కొలిచే యంత్రం లేదు. కొవ్వొత్తులున్నాయి. మామూలు కొవ్వొత్తి మైనం అటూ ఇటుగా 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

పనికిరాని పలకను ఇటుకల మీద బల్ల ఎత్తున పేర్చి, పెట్టె గోడనుంచి 2, 4, 6, 8 సెంటీమీటర్ల దూరంలో ముందువైపు ఒక వరస, వెనకవైపు ఒక వరస కొవ్వొత్తి ముక్కలు నిలబెట్టాను. మూడు బర్నర్లూ పూర్తిగా వెలిగించి మూత వేశాం. బాబాయిగారు గడియారం పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు, ఓడ ఇంజిను గదిలో ఉన్నంత శ్రద్ధగా. ఎనిమిదో నిమిషానికి 2 సెంటీమీటర్ల దగ్గరివి రెండూ కరిగి చదునయ్యాయి. 4 దగ్గర వెనకది కరిగింది, ముందుది నడుం వంచింది. అరగంట అయ్యేసరికి 6 దగ్గర ముందుది నిటారుగా ఉంది, వెనకది కాస్త మెత్తబడింది. 8 దగ్గరివి రెండూ చెక్కుచెదరలేదు.

వెనకవైపు ఎందుకు ఎక్కువ అంటే, మూత వెనక సందులోంచి వేడిగాలి బయటికి తన్నుతుంది. దానికి తోడు సముద్రపు గాలి దాన్ని పక్కకు నెడుతుంది. అరవై డిగ్రీలకు చెక్క అంటుకోదు. అంటుకోవాలంటే 300 డిగ్రీల దరిదాపులకు వెళ్ళాలి. కానీ సాయంత్రం కాలి, రాత్రి మంచులో తడిసి, మళ్ళీ మర్నాడు కాలే చెక్క నెర్రెలిస్తుంది. అందుకని బల్లను 6 సెంటీమీటర్ల దూరంలో మొదలుపెట్టి, ఆ సందులో ఒక స్టెయిన్‌లెస్ స్టీలు రేకు నిలబెట్టాలని తేల్చాను. రేకు పెట్టెకు ఆనకూడదు. రెండింటి మధ్య 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉండి, పైనా కిందా తెరిచి ఉంటే వేడెక్కిన గాలి తనంతట తానే పైకి పోతుంది.

పలకలు ఏ దిక్కున పరవాలి

ఇక్కడ బాబాయిగారికీ నాకూ మొదటి వాదన. పాత బల్లకు పలకలు పెట్టెనుంచి బయటికి పరిచి ఉండేవి, చూపుకు అదే బాగుంటుందని ఆయన. అలా పరిస్తే ప్రతి పలక కొసా నిప్పువైపు ఉంటుంది. చెక్క తాగేదీ, ఆరేదీ, పగిలేదీ కొసలనుంచే. నేను వాటిని ముందునుంచి వెనక్కి పరిచాను. అప్పుడు నిప్పు ఎదురుగా ఉండేది ఒకే ఒక్క పలక, అదీ పొడవాటి అంచుతో. చెడితే అదొక్కటే చెడుతుంది. నాలుగు మరలు విప్పి దాన్ని తీసి మరొకటి వేసుకోవచ్చు. చెడేది ఏదో ముందే తెలిసినప్పుడు దాన్ని విడిగా తీయగలిగేలా చేయడం నాకు తెలిసిన అన్నిటికంటే చవకైన పని.

ఒక్కో బల్లకు నాలుగు పలకలు. ఒక్కోటి 540 మిల్లీమీటర్ల పొడవు, 90 వెడల్పు, చిత్రిక పట్టాక 22 మందం. మధ్యలో 6 మిల్లీమీటర్ల సందులు. మొత్తం వెడల్పు 378. సందులు వాన జారిపోవడానికీ, చెక్క ఊపిరి పీల్చుకోవడానికీ. ఆ మాటను ఉత్తినే అనడం లేదు: అదే సంవత్సరం మే నెలలో కొలిస్తే సందు ఆరున్నర ఉంది, అక్టోబరు వానల్లో ఐదున్నరకు వచ్చింది.

పలకలను మోసేది పెట్టెకు అటూ ఇటూ ఉన్న పాత యాంగిల్ చేతులే. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, పైన ఎనామిల్ రెండు పూతలు. రంధ్రాలు మాత్రం కొత్తగా వేయించాను. ప్రతి పలకకు ఒక్కో చేతి మీద రెండు మరలు: ఒకటి గుండ్రటి రంధ్రంలో, రెండోది పొడవాటి రంధ్రంలో. పలక ఉబ్బినా ముడుచుకున్నా రెండో మర ఆ పొడవులో జరుగుతుంది, చెక్క చీలదు. మరలన్నీ కిందినుంచే. పైముఖాన ఒక్క రంధ్రం కూడా లేదు. పలకకూ ఇనుముకూ మధ్య 3 మిల్లీమీటర్ల నైలాన్ వాషర్లు పెట్టాను. నల్లవలయం మళ్ళీ పుట్టకుండా ఉండాలంటే అక్కడ గాలి ఆడాలి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలు, 20 మిల్లీమీటర్లవి. ఇనుము మూడు, వాషరు మూడు పోగా పలకలోకి దిగేది పద్నాలుగు. డ్రిల్లు ముక్కుకు పద్నాలుగు దగ్గర రంగు టేపు చుట్టుకున్నాను. ఆ టేపు లేకుండా వేసిన ఒక పరీక్ష ముక్కలో ముక్కు పైకి పొడుచుకు వచ్చింది. అందుకే అది పరీక్ష ముక్క.

బిగించాక 25 కిలోల బియ్యం బస్తా ఒక రాత్రంతా బయటి అంచున ఉంచాం. పొద్దున్నకి అంచు మూడు మిల్లీమీటర్లు వంగింది. నాకు నచ్చలేదు. రెండు వైపులా కిందినుంచి ఏటవాలు ఇనుప ఊతం వేయించాను.

రెండో వాదన సిలిండరు గురించి. బండి కింది భాగాన్ని కూడా పనస పలకలతో మూసేసి తలుపులు పెడితే అల్మారాలా అందంగా ఉంటుందని ఆయన కోరిక. నేను చేయనన్నాను. వంటగ్యాసు గాలికంటే బరువు. ఎక్కడ కారినా కిందికే చేరి, దారి లేకపోతే అక్కడే పోగవుతుంది. మూసిన పెట్టెలో కారిన గ్యాసు పైన మూడు బర్నర్లు వెలుగుతున్న సంగతి మనకంటే ముందు కనిపెడుతుంది. ఇంజిను గదిలో బతికిన మనిషి కాబట్టి ఆయన వెంటనే తలూపారు. రెగ్యులేటరు, గొట్టం గ్యాసు మెకానిక్ వచ్చి మార్చాడు, సబ్బునురగతో అతుకులన్నీ చూశాడు. నేను చేసిందల్లా గొట్టం బల్ల కింది మరలకు రాసుకోకుండా ఒక కొక్కెం పెట్టడం.

నూనెనా, వార్నిషా

ముందు గరుకు కాగితం: 80, 120, 180 నంబర్లు, అంతే. బయట ఉండే బల్లకు నూనె పట్టించాలంటే అంతకు మించి నునుపు చేస్తే నూనె తక్కువ తాగుతుంది. అంచులన్నీ కొద్దిగా గుండ్రం చేశాను. అంచు కత్తిలా ఉంటే ఏ పూతా అక్కడ నిలవదు. తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును మళ్ళీ 180తో తీశాను. ఆ తడిగుడ్డ పచ్చగా అయిపోయింది. పనస చేవలోని రంగు అది. శ్రీలంక నుంచి థాయ్‌లాండ్ దాకా బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు ఆ రంగే అద్దేవారు. తెల్లచొక్కా వేసుకుని ఆ పని చేయకూడదని నాకు ఆ రోజే తెలిసింది.

పూత దగ్గర మూడో వాదన, అన్నిటికంటే పెద్దది. మా నాన్న కాలపు లక్క పాలిష్ ఇక్కడ పనికిరాదు, నీళ్ళు పడితే తెల్లబడుతుంది, వేడి గిన్నె పెడితే అతుక్కుంటుంది. అందులో ఇద్దరికీ తేడా లేదు. పలాస జీడిపిక్కల తొక్క నూనె పడవలకు రాస్తారు కదా, దీనికీ రాద్దామన్నారు బాబాయిగారు. పడవకు సరే. జీడి అంటితే చర్మం పొక్కుతుంది, తిండి పెట్టుకునే బల్లకు వద్దన్నాను. చివరికి ఆయన పట్టు “అద్దంలా మెరవాలి, ఓడ రెయిలింగుల్లా”. నా పట్టు అవిసె నూనె. ఎవరి మాటా ఎవరూ వినలేదు కాబట్టి కుడి బల్లకు బయటి వాడకానికి అమ్మే పాలీయురెథేన్ మూడు పూతలు, ఎడమ బల్లకు నూనె. ఒకే చెట్టు, ఒకే ఎండ, ఒకే వాన.

పెయింటు దుకాణంలో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ నూనె తీసుకున్నాను. మొదటి పూతకు సగానికి సగం టర్పెంటైన్ కలిపాను, తరువాతి మూడింటికి తగ్గిస్తూ పోయాను. ప్రతిసారీ రాసి, ఇరవై నిమిషాలాగి, తాగకుండా మిగిలిన నూనెను పూర్తిగా తుడిచేయాలి. తుడవకపోతే వారమైనా జిగురుగా ఉంటుంది. కొసలకు మాత్రం లెక్క లేదు, తాగినంత సేపూ పోశాను. పూతకూ పూతకూ మధ్య నాలుగు రోజులు, ఆఖరి పూత తరువాత రెండు వారాలు వాడకం లేదు. త్వరగా ఆరడానికి ఆ నూనెలో లోహపు లవణాలు కలుపుతారు, అందుకే బల్ల మీద పళ్ళెం లేకుండా చేప పెట్టవద్దని ముందే చెప్పాను.

రెండో పూత రోజు జరిగినదాన్ని దాచకుండా చెప్పాలి. తుడిచిన గుడ్డలను ముద్దచేసి రంగు డబ్బాలో వేసి మూలన పెట్టాడు మా కుర్రవాడు. నేనూ చూశాను, ఏమీ అనలేదు. రాత్రి తొమ్మిదింటికి తాళం వేయబోతుంటే మాడిన వేరుశనగ నూనె లాంటి ఘాటు వాసన. డబ్బా మీద చెయ్యి పెడితే పొయ్యి మీది పాత్రలా ఉంది. బయటికి ఈడ్చి బకెట్టు నీళ్ళు గుమ్మరిస్తే ఆవిరి లేచింది, మధ్యలోని గుడ్డ గోధుమ రంగుకు మాడి ఉంది. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ప్రాణవాయువును పట్టుకోవడమే. అప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ముద్దలో పోదు, తనను తానే రాజేసుకుంటుంది. నిప్పుపుల్ల అక్కరలేదు. పక్కనే చిత్రిక పొట్టు గోనెసంచి ఉంది. అప్పటినుంచి మా పనిశాలలో నూనె గుడ్డలు దండెం మీద విడివిడిగా ఆరాలి, లేదా నీళ్ళ బకెట్టులో మునగాలి.

ఎనిమిది నెలల తరువాత

2024 అక్టోబరు చివర వెళ్ళాను. దూరంనుంచి కుడి బల్లే బాగుంది, ఇంకా మెరుస్తోంది. దగ్గరికి వెళితే నిప్పుకు దగ్గరి పలక మీద అరచేయంత మేర పూత తెల్లబడి ఉంది. ఎవరో వేడి పెనం పెట్టారు. దాని గుండ్రటి ముద్ర కనిపిస్తూనే ఉంది. అక్కడ పూత పగిలింది, పగులులోంచి నీరు దూరింది, కిందినుంచి పొరను లేపింది. గోరు పెట్టి లాగితే ఎండలో కాలిన వీపు చర్మంలా ఊడి వచ్చింది. కింద చెక్క బూడిద రంగు.

ఎడమ బల్ల మెరుపు ఎప్పుడో పోయింది. వానకాలం తడికి నల్లటి బూజు చుక్కలు కూడా పట్టాయి, అవిసె నూనెకు ఆ దోషం ఉంది. కానీ ఎక్కడా పగులు లేదు, పొర లేదు. 180 నంబరు కాగితంతో రుద్ది, తుడిచి, మళ్ళీ ఒక పూత నూనె పట్టించడానికి అరగంట పట్టింది. పసుపు మరకల మాట అడిగితే బాబాయిగారు, “పనస మీద పసుపు ఎవరికి కనిపిస్తుంది?” అన్నారు. నిజమే, నాకూ ఆ లాభం ముందు తట్టలేదు.

రెండు బల్లల కింద మరలు చూశాను. వాషర్ల దగ్గర చెక్క పొడిగా, పసుపుపచ్చగా ఉంది. ఎక్కడా నల్లవలయం లేదు.

2025 జనవరిలో కుడి బల్ల పూతను పూర్తిగా గీకి తీయడానికి రెండు రోజులు పట్టింది, దానికీ నూనె పట్టించాను. ఆయన అడ్డు చెప్పలేదు, గీకుడు కత్తి రెండోది తెచ్చి పక్కన కూర్చుని తానూ గీకారు. తెల్లబడిన పలకను బాగు చేయకుండా తీసేశాం. నాలుగు మరలు, ఐదు నిమిషాలు. మిగిలిన చెక్కలోంచి చేసి నూనె పట్టించి అటక మీద పెట్టిన రెండు అదనపు పలకల్లో ఒకటి దాని స్థానంలోకి వచ్చింది. వెలుతురు చూడని చెక్క కాబట్టి ఇంకా పచ్చగా ఉంది, పక్కనున్న మూడూ అప్పటికే గోధుమ రంగు. వాళ్ళ మనవరాలు వచ్చి, దానికి మాత్రం రంగెందుకు వేయలేదని అడిగింది.